గింజ సంగతి తర్వాత, ముందు పండు తినండి

పోయిన సంచికలో ఎండాకాలం పళ్ల గురించి రాస్తూ చివర్లో ఒక్క మాట అన్నాను, నేరేడు సీజన్ వచ్చేస్తోందని. అంతే! ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, మెయిళ్లలో సగానికి పైగా నేరేడు మీదే. సంతోషమే గానీ, అన్నీ వరసగా చదువుతుంటే ఒక సంగతి తట్టింది. అడిగినవాళ్లలో చాలామందికి పండుతో పని లేదు, గింజ కావాలి. ఎండబెట్టాలా, వేయించాలా, చెంచాడా, అరచెంచానా, పరగడుపునా, పడుకునే ముందా... నల్లగా నిగనిగలాడే పండు చేతిలో పెట్టుకుని లోపలి గింజ ఎప్పుడు బయటికొస్తుందా అని చూసేవాళ్లని ఏమనాలో తెలీక, ఈసారి శీర్షిక మొత్తం నేరేడుకే ఇచ్చేస్తున్నాను. మల్లెమొక్కకి పిండినల్లి గురించి అడిగిన ఇద్దరూ ఏమనుకోకండి, వచ్చే నెల మీదే మొదటి ప్రశ్న.

ప్రశ్న: మా మామగారికి పదకొండేళ్లుగా షుగర్. రెండు నెలల నుంచి నేరేడు గింజల పొడి పొద్దున్నే మజ్జిగలో కలుపుకుని తాగుతున్నారు. ఇప్పుడు మాత్రలు మానేస్తానంటున్నారు. మా ఆయన చెప్పినా వినడం లేదు. మీరు రాస్తే వింటారేమోనని ఆశ. పొడి పనిచేస్తుందా? – ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: అమ్మా, ఈ పేజీ ఆయన కళ్లద్దాల పక్కన పెట్టండి. బాబుగారూ, మాత్రలు మానకండి. పొడి తాగాలని అంత మనసుంటే డాక్టరుకి చెప్పి తాగండి, చెప్పకుండా మాత్రం వద్దు.

ఇక పనిచేస్తుందా అన్న సంగతి. ఆయుర్వేదంలో, యునానీలో నేరేడు గింజని మధుమేహానికి వాడటం చాలా పాత పద్ధతి, దాన్ని కొట్టిపారేసే పని నాది కాదు. ఎలుకల మీదా కుందేళ్ల మీదా చేసిన ప్రయోగాల్లో గింజ సారం చక్కెర తగ్గించిందని పరిశోధన పత్రాలు బోలెడు ఉన్నాయి. కానీ ఎలుకకి పనిచేసింది మామగారికి పనిచేస్తుందని, అదీ మాత్రకి బదులుగా పనిచేస్తుందని చెప్పేంత గట్టి రుజువు మనుషుల మీద ఇంకా లేదు. బ్రెజిల్‌లో కూడా జనం షుగర్‌కి నేరేడు ఆకుల టీ తాగుతారు (అవును, మన చెట్టు అంత దూరం వెళ్లింది), అక్కడి వైద్యులే దాన్ని పరీక్ష పెట్టి చూస్తే టీ తాగినా చక్కెర ఏమీ తగ్గలేదని తేలింది. అది ఆకు, ఇది గింజ, రెండూ ఒకటి కావనుకోండి. అయినా అందరూ తాగుతున్నారు కాబట్టి పనిచేస్తుందనుకోవడం ఎంతవరకు నమ్మొచ్చో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకో చిక్కుంది. ఒకవేళ పొడి నిజంగానే కాస్తో కూస్తో పనిచేస్తే, మాత్రా పొడీ రెండూ కలిసి చక్కెర మరీ దించేయొచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి, కొంచెం పంచదార నీళ్లు ఇవ్వండి. రెండు నెలలుగా తాగుతున్నారు కాబట్టి మూడో నెల నిండాక హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. అది మూడు నెలల చక్కెర సగటు చెప్పేస్తుంది, ఇంట్లో వాదనలు అక్కర్లేదు. కాగితం మీద అంకె చూస్తే మామగార్లు వింటారు, కోడళ్లు చెబితే వినరు.

పండు తినొచ్చా అని మీరు అడగలేదు. తినొచ్చు. నూరు గ్రాముల నేరేడులో ఉండేది సుమారు 60 కేలరీలు, 14, 15 గ్రాముల పిండిపదార్థం. మామిడిపండు ముందు కూర్చుని నిగ్రహించుకోవడం కంటే పది నేరేడు పళ్లు తినడం నయం కదా. గిన్నెడు కాదు, పది.

ప్రశ్న: ఏడాదికి ఒక్కసారైనా నేరేడు పండు తింటే కడుపులోకి పోయిన వెంట్రుకలు కరిగిపోతాయని మా అత్తగారు సీజన్ రాగానే అందరి చేతా బలవంతంగా తినిపిస్తారు. ఇది నిజమా? – ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మా ఇంట్లో కూడా ఇదే మాట! మా నాయనమ్మ అయితే వెంట్రుకలతో ఆగేది కాదు, ఇసుకా రాళ్లూ కూడా కరిగిపోతాయనేది. కరగవమ్మా. వెంట్రుక కెరటిన్ అనే మొండి పదార్థం, మన కడుపులోని ఆమ్లానికే లొంగదు, నేరేడు రసానికి ఏం లొంగుతుంది. ఒకటీ అరా లోపలికి పోతే దాని దారిన అది బయటికి పోతుంది. వెంట్రుకలు పీక్కుని మింగే అలవాటున్న పిల్లలకి మాత్రం అవి కడుపులో ఉండకట్టి ఆపరేషన్ దాకా వెళ్తుంది, అలాంటి పిల్లలుంటే నేరేడు పళ్లు కాదు, డాక్టరు కావాలి.

కాకపోతే అత్తగారితో వాదించకండి. ఆ నమ్మకం పుణ్యమా అని మన ఇళ్లలో పిజ్జా తప్ప మరొకటి ముట్టని పిల్లలు కూడా ఏడాదికోసారి ఈ పండు నోట్లో వేసుకుంటున్నారు. కారణం తప్పయినా పని మంచిదే.

ప్రశ్న: మా పెరట్లో నేరేడు మొక్క వేసి ఏడేళ్లయింది. డాబా దాటి పెరిగింది గానీ ఒక్క కాయ లేదు. కిందటేడు కాస్త పూత వచ్చి రాలిపోయింది. ఎరువులు బాగా వేస్తున్నాం, రోజూ నీళ్లు పెడుతున్నాం. చెట్టు గొడ్డుదా? కొట్టేసి మామిడి వేద్దామా? – ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: ముందు గొడ్డలి అవతల పెట్టండి మాస్టారూ. మీ ఉత్తరంలోనే జవాబు ఉంది, "ఎరువులు బాగా", "రోజూ నీళ్లు".

మొదటి మాట, అది గింజ మొక్కా అంటు మొక్కా? ఎక్కడ కొన్నారో రాయలేదు. గింజ నుంచి వచ్చిన నేరేడు కాపుకి రావడానికి 8 నుంచి 10 ఏళ్లు పడుతుంది, అంటు అయితే అంతకంటే రెండు మూడేళ్లు ముందే వస్తుంది. ఏడేళ్లకి కూడా ఒక్క కాయ లేదంటే మీది చాలావరకు గింజ మొక్కే అయ్యుంటుంది, దాని లెక్క ప్రకారం అది ఆలస్యం చేయడం లేదు, మీరు తొందరపడుతున్నారు. వందేళ్లు బతికే చెట్టు ఇది, 30 మీటర్ల ఎత్తు దాకా పోతుంది, ఏడేళ్లంటే దానికి ఇంకా బాల్యమే.

రెండోది ఎరువు. నత్రజని ఎక్కువైతే చెట్టు ఆకు మీద ఆకు వేసుకుంటూ డాబాలు దాటుతుంది, పూత మాట మర్చిపోతుంది. యూరియా వేస్తుంటే మానేయండి. వానలు మొదలయ్యాక మాగిన పశువుల ఎరువు చెట్టు మొదట్లో కాదు, ఆకుల గొడుగు అంచు ఎక్కడుందో ఆ వరస కింద చుట్టూ వేయండి. అదొక్కటి చాలు.

మూడోది, అసలు కిటుకు, నీళ్లు. నేరేడుకి పూత ముందు కాస్త పొడి వాతావరణం కావాలి. చలికాలం నుంచి పూత వచ్చేదాకా నీళ్లు బిగబట్టండి, చావదు, భయపడకండి, ఏడేళ్ల చెట్టు వేళ్లు మీ బోరు కంటే తెలివైనవి. మన వైపు ఫిబ్రవరి, మార్చిల్లో పూత మొదలవుతుంది. తెల్లటి చిన్న చిన్న పూలు, గుత్తులు గుత్తులుగా, దగ్గరికెళ్తే తియ్యటి వాసన, రేకుల కంటే కేసరాలే ఎక్కువ కనిపిస్తాయి. అవి కొత్త చిగుళ్ల చివర కాదు, ఆకు రాలిన పాత రెమ్మల మీద వస్తాయి, అందుకే ఏటా నీటుగా కనబడాలని రెమ్మలన్నీ కత్తిరించేవాళ్లు తమ కాపు తామే కత్తిరించుకుంటున్నట్టు. కాయ పడ్డాక, మే నెలలో, అప్పుడు నీళ్లు పెట్టండి, కాయ ఊరుతుంది. పూత మీదుండగా గాలివాన కొడితే మాత్రం రాలిపోతుంది, కిందటేడు మీకు అదే అయ్యుండొచ్చు, దానికి మీరూ నేనూ ఏం చేయలేం. అదే వాన జూన్‌లో పండు మీద పడితే రంగూ రుచీ వస్తాయి. ఒకే వాన, ముందొస్తే నష్టం, తర్వాతొస్తే లాభం.

ఇంకొకటి, పూత టైములో పురుగుమందు కొట్టకండి. తేనెటీగలు రాకపోతే కాయ కట్టదు.

మా సొంత గొడవ ఒకటి చెప్పాలి ఇక్కడ. అల్లిపురంలో మా పాత ఇంటి వెనక నేరేడు చెట్టు ఉండేది, మా తాత వేసింది. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను రోజు. విశాఖలో ఉన్నవాళ్లెవరికీ ఆ తేదీ చెప్పక్కర్లేదు. నేరేడు కొమ్మ చూడ్డానికి లావుగా ఉన్నా పెళుసు, చింతకొమ్మలా వంగదు. మధ్యాహ్నానికి చెట్టు నడుం దగ్గర ఫెళ్లున విరిగి ప్రహరీ మీద పడింది, మర్నాడు చూస్తే నిలువెత్తు మోడు తప్ప ఏమీ మిగల్లేదు. కోత మిషన్ వాడు వచ్చి మొదలంటా తీసేస్తానన్నాడు, అప్పటికి వీధిలో ఇంకా ముప్పై చెట్లు కొయ్యాలి, వాడికి తీరిక దొరక్క మోడు మిగిలిపోయింది. సంక్రాంతికి వెళ్లి చూస్తే బెరడులోంచి ఎర్రెర్రటి చిగుళ్లు, లెక్కపెట్టలేనన్ని! నేరేడుకి ఆ గుణం ఉంది, నరికినా మోడు నుంచి మళ్లీ లేస్తుంది. మూడు బలమైన రెమ్మలు ఉంచి మిగతావి గిల్లేశాం. అయిదో ఏడు పూత పూసింది. మీ చెట్టుకి ఇంకో మూడేళ్లు టైమివ్వండి, కాయకపోతే అప్పుడు రాయండి.

కొత్తగా వేసేవాళ్లకి ఒక్క మాట. అంటు మొక్క కొనండి. గుజ్జు ఎక్కువ, గింజ చిన్న రకాలు ఇప్పుడు ఉన్నాయి, గుజరాత్‌లోని గోధ్రా కేంద్రం ఇచ్చిన గోమా ప్రియాంక, లక్నో ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన జామ్‌వంత్ లాంటివి. ఆ లక్నో వాళ్లదే జే-42 అని గింజ లేని రకం కూడా ఉంది, అది వేస్తే పొడి తాగే మామగారు ఏం చేస్తారో మరి. ఇంటి గోడకి, సెప్టిక్ ట్యాంకుకి కనీసం ఎనిమిది మీటర్లు దూరం ఉండాలి. లేదూ డాబా మీద డ్రమ్ములో పెంచుతామంటారా, పెంచండి, పచ్చగా ఉంటుంది. గంపలకొద్దీ పళ్లు మాత్రం ఆశించకండి.

ప్రశ్న: రైతు బజార్‌లో పావు కేజీ అరవై రూపాయలు పెట్టి తెచ్చాను. నాలుక పీక్కుపోయేంత వగరు. రెండు రోజులు ఉంచితే పండుతాయనుకుంటే ముడతలు పడి బూజు పట్టాయి. మంచివి ఎలా గుర్తుపట్టాలి? – ఒక పాఠకుడు, మర్రిపాలెం

జవాబు: నేరేడు చెట్టు మీద పండాలి, సంచిలో పండదు. మామిడి, అరటి కోసిన తర్వాత కూడా పండుతాయి, నేరేడుకి ఆ గుణం లేదు, కోసిన క్షణానికి ఎంత తీపి ఉందో అంతే. అందుకే దూరం నుంచి లారీలో వచ్చే సరుకుని ముందే, ఎరుపు ఇంకా వదలకముందే దులిపేస్తారు, చూడ్డానికి పెద్దగా, గట్టిగా, ఒకే సైజులో ఉంటుంది, తింటే మీ గతే. బాగా పండింది మూడు రోజులు కూడా నిలవదు. ఫ్రిజ్‌లో పెడితే ఇంకో నాలుగు రోజులు.

చూసి కొనడానికి నాకు తెలిసింది ఇది. తొడిమ దగ్గర చూడండి, అక్కడ ఇంకా ఎరుపో ఊదాయో కనిపిస్తే వద్దు, నలుపు అక్కడిదాకా పాకి ఉండాలి. వేలితో నొక్కితే కాస్త దిగాలి. పొట్ట దగ్గర చిన్న రంధ్రమో, తడి మచ్చో ఉంటే పండు ఈగ గుడ్డు పెట్టిందన్నమాట, చీలిస్తే తెల్లటి పురుగు కనిపిస్తుంది, పిల్లలకి ఇచ్చేముందు ఒకటి రెండు చీల్చి చూసుకోవడం మంచిది.

అన్నిటికంటే మంచి దారి గంపలమ్మలు. నేను కొనేది ఎస్.కోట వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ దగ్గర. జూన్ మొదటి వారంలో అడిగితే ఆవిడ నాకు అమ్మనే లేదు, "ఇప్పుడేటి బాబూ, ఒక్క వాన పడనియ్యి, అప్పుడు తింటే తెలుస్తాది" అంది. వారం తర్వాత వాన పడింది, వెళ్లాను. గంపలో అడుగున టేకాకులు, వాటి మీద చిట్టి నేరేడు, గోళీ అంత కూడా లేవు. తూకం లేదు, గ్లాసు లెక్క. గ్లాసు నిండాక ఇంకో గుప్పెడు పైన వేసింది, కాగితం పొట్లంలో చిటికెడు ఉప్పూ కారం వేరుగా కట్టి ఇచ్చింది. సైజు చూస్తే మార్కెట్ పళ్లలో సగం లేవు, గింజే ఎక్కువ, రుచి మాత్రం ఆ పెద్దవాటికి రాదు. ఇంటికొచ్చేసరికి సగం అయిపోయాయి, బండి హ్యాండిల్ ఊదా రంగు.

ఉప్పు ఎందుకంటే, వగరు టానిన్లది. అవి లాలాజలంలో ఉండే ప్రోటీన్లకి అతుక్కుని నోరు ఎండగడతాయి, ఆ పీక్కుపోవడం అదే. ఉప్పు రాసి పది నిమిషాలు ఉంచితే వగరు అణుగుతుంది, తీపి పైకి తేలుతుంది. పెద్దవాళ్లు గిన్నెలో ఉప్పేసి, మూత పెట్టి కుదిపేవాళ్లు చూడండి, తోలు కాస్త చిట్లి ఉప్పు లోపలికి పోవడానికి. మిగిలిపోతే పారేయకండి, స్టీలు గిన్నెలో చేత్తో పిసికి గింజలు తీసేసి, గుజ్జుకి పంచదార, నిమ్మరసం, నల్ల ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి కలిపి నీళ్లు పోస్తే షర్బత్. ఇనుప మూకుడు, అల్యూమినియం గిన్నె వద్దు, రంగు చెడిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి యాంటీ ఆక్సిడెంట్లని చెప్పి బ్లూబెర్రీలు ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నాడు, చిన్న డబ్బా మూడొందలు. నేరేడు సరిపోదా? – ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం

జవాబు: రెండిటి నలుపూ ఒకే జాతి రంగు, ఆంథోసయనిన్లు అంటారు. అబ్బాయికి ఇంకో ముక్క చెప్పండి, వృక్షశాస్త్రం లెక్కలో నేరేడు కూడా బెర్రీయే. టమాటా కూడా బెర్రీ, స్ట్రాబెర్రీ మాత్రం కాదు! నేరేడు జామ, లవంగం, యూకలిప్టస్‌ల కుటుంబం, మిర్టేసీ. ఆకు నలిపి వాసన చూస్తే ఆ చుట్టరికం తెలుస్తుంది. ఏది గొప్ప అని పోటీ పెట్టను గానీ, జూన్, జూలైల్లో విశాఖలో కూర్చుని విమానంలో వచ్చిన బెర్రీ తినడం నాకైతే మనసొప్పదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ పక్కనే పాత నేరేడు చెట్టు. సీజన్‌లో కార్లన్నీ ఊదా రంగు, నేలంతా జారుడు, పైగా రాత్రుళ్లు గబ్బిలాలు. అసోసియేషన్ మీటింగ్‌లో కొట్టేయాలని తీర్మానం పెట్టారు. నాకు ఇష్టం లేదు. ఏం చెప్పాలి? – ఒక పాఠకురాలు, లాసన్స్ బే కాలనీ

జవాబు: మొదట చట్టం చెప్పండి, మీటింగుల్లో దానికే విలువ. 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, దాని ప్రకారం సొంత స్థలంలో చెట్టయినా అనుమతి లేకుండా కొట్టకూడదు. తీర్మానం అనుమతి కాదు.

తర్వాత మార్గం చెప్పండి. ఏడాదిలో కార్లకి ఇబ్బంది అయిదారు వారాలే. ఆ రోజుల్లో చెట్టు కింద పాత చీరలో, షేడ్ నెట్టో కొమ్మలకి ఊయల్లా కట్టండి. పళ్లు కార్ల మీద పడవు, పైగా దెబ్బ తినకుండా చేతికొస్తాయి. ఢిల్లీలో బ్రిటిష్ వాళ్లు కొత్త రాజధాని కట్టినప్పుడు రోడ్ల పక్కన వరసలుగా నేరేడు చెట్లు వేశారు, నేటికీ అక్కడి మున్సిపాలిటీ సీజన్ రాగానే పళ్లు ఏరుకునే హక్కుని వేలం వేస్తుంది. మీరు వేలం వేయక్కర్లేదు, చెట్టెక్కడం తెలిసిన మనిషికి సగం పళ్లిస్తానంటే వచ్చి దింపుతాడు. ఎక్కేవాడికి నడుముకి తాడు కట్టించండి, పైన చెప్పానుగా, ఈ కొమ్మ పెళుసు, చెప్పి విరగదు.

గబ్బిలాల సంగతి, అవి కొరికినవి తినకండి, చాలు. వాటి మానాన వాటిని వదిలేయండి.

మరకకి చిట్కా. బట్టల మీదైతే ముందు సబ్బు పెట్టకండి. ఈ రంగు పులుపులో ఎర్రగా, సబ్బులో నీలంగా మారుతుంది. నేను ఆరో తరగతిలో యూనిఫాం జేబులో పళ్లు వేసుకుని బెంచీ మీద బోర్లా పడుకున్నాను, తెల్లచొక్కా గుండె మీద అరచేయంత ఊదా మచ్చ. మా అమ్మ బార్ సబ్బు రుద్దేసరికి అది కాస్తా నీలం అయి కూర్చుంది, ఇంక్ పెన్ను కారిందని స్కూల్లో చెప్పుకున్నాను, నమ్మారు కూడా. నిమ్మరసమో వెనిగరో పోసి కాసేపు నాననిచ్చి చల్లనీళ్లతో జాడించి, ఆ తర్వాతే సబ్బు. కారు మీదైతే ఎండకముందే మామూలు నీళ్లు చాలు.

ప్రశ్న: నేరేడు చెక్క ముక్క మేడ మీద ట్యాంకులో వేస్తే నాచు పట్టదని, నీళ్లు శుద్ధి అవుతాయని వాట్సాప్‌లో వచ్చింది. వేయొచ్చా? – ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: నేరేడు చెక్క నీళ్లలో త్వరగా కుళ్లదు, ఆ మాట నిజం. ఉత్తరాదిలో బావి తవ్వేటప్పుడు అడుగున నేరేడు చెక్కతో చట్రం వేసి దాని మీద ఇటుక కట్టేవాళ్లు. అంటే అది నీళ్లని తట్టుకుంటుంది, అంతేగానీ కడిగిపెట్టదు. ట్యాంకులో వేస్తే టానిన్ దిగి నీళ్లు పలచటి టీలా మారొచ్చు. ట్యాంకు కడిగించి, బ్లీచింగ్ పౌడర్ వేయించి, మూత సరిగ్గా పెట్టండి, ఎండ తగలకపోతే నాచు పట్టదు.

ప్రశ్న: సంకల్పంలో "జంబూద్వీపే" అంటాం, ఆ జంబూ ఈ నేరేడేనా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: అదే మాస్టారూ, సంస్కృతంలో జంబువు అంటే నేరేడు. పురాణం లెక్కలో మేరువు దగ్గర ఒక మహా జంబూవృక్షం, దాని పళ్లు ఏనుగులంత. అవి కిందపడి చితికి ఆ రసమే నదిగా పారుతుంది, ఒడ్డున మట్టి ఆ రసంలో నాని బంగారం అవుతుంది, బంగారానికి జాంబూనదం అన్న పేరు అక్కడిదే. మా అమ్మ చేతికి ఈ కథ ముందే దొరికి ఉంటే నా యూనిఫాం అంత రుద్దేది కాదు. తమిళనాట తిరుచ్చి పక్కన జంబుకేశ్వరంలో శివుడు నేరేడు చెట్టు కింద వెలిశాడు, పంచభూత లింగాల్లో అది జలలింగం.

మీరే ఇంకోటి కూడా రాశారు, వినాయకుడిని "కపిత్థ జంబూ ఫల సార భక్షితం" అంటాం కదా, చవితి పత్రిలో నేరేడాకు ఎందుకు లేదని. ఇరవై ఒక్క పత్రుల్లో లేదు నిజమే, మామిడి ఉంది, రేగు ఉంది, దానిమ్మ ఉంది, నేరేడు లేదు. కారణం నాకు దొరకలేదు. అసలు ఆయన పండగ వచ్చేది భాద్రపదంలో, మనకి జూలైతో పళ్లయిపోతాయి, అంత ఇష్టమైన పండు ఒక్కటి కూడా ఆయన దాకా రాదు, వెలగకాయ పెట్టి సరిపెడుతున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి ఫ్లోరిడాలో ఉంటుంది. ఇల్లు కొనుక్కున్నారు. నేరేడు గింజలు సూట్‌కేస్‌లో తీసుకెళ్లి వాళ్ల పెరట్లో వేద్దామని ఉంది. – ఒక పాఠకురాలు, గోపాలపట్నం

జవాబు: వద్దు తల్లీ. ఎయిర్‌పోర్టులో టెన్షన్ ఒకటి, అంతకంటే ముఖ్యం, ఫ్లోరిడాలో నేరేడు ఎప్పుడో ఉంది. 1911లో అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లే తెచ్చి వేశారు. ఇప్పుడు అది పక్షుల పొట్టల్లో ప్రయాణం చేసి అక్కడి అడవుల్లోకి చొరబడుతోందని దాన్ని చొరబాటు మొక్కల జాబితాలో పెట్టుకున్నారు. మనకి సొంత చెట్టు, వాళ్లకి కలుపు. అమ్మాయిని జూన్‌లో రమ్మనండి, వైజాగ్‌లో తింటుంది.

ప్రశ్న: సార్, నేను ఏడో తరగతి. నేరేడు గింజ మింగేశాను. కడుపులో చెట్టు మొలుస్తుందని మా అక్క భయపెడుతోంది. – కంచరపాలెం

జవాబు: మొలవదు బాబూ, లోపల మట్టీ ఎండా ఏవీ? రేపో ఎల్లుండో బయటికి పోతుంది, మీ అక్కకి వివరాలు చెప్పక్కర్లేదు. ఇంకోటి తిను, ఈసారి గింజ మింగకు. కడిగి, ఎండబెట్టకుండా, ఈ వారంలోనే పాలకవర్లో మట్టి పోసి ఒక అంగుళం లోతులో పెట్టు. మీ తాతకి పొడి కోసం దాచిపెట్టిన డబ్బాలోంచి తీయకు, ఎండిన గింజ మొలవదు, పచ్చిది కూడా రెండు వారాలు దాటితే అనుమానమే. రోజూ కాసిని నీళ్లు చల్లు, కవరు అడుగున రెండు కన్నాలు పెట్టడం మర్చిపోకు. నేరేడులో ఒక తమాషా ఉంది, ఒక్కో గింజలోంచి రెండు మూడు మొలకలు కూడా వస్తాయి. నీ కవర్లో ఎన్ని వచ్చాయో చూసి రాయి, ఒకటి మీ అక్కకి ఇవ్వాలో వద్దో అప్పుడు చెబుతాను.